నీళ్ల వేడి

గీజరు చెడిపోయి అప్పటికి మూడు రోజులు. బాగుచేసే మనిషి "దార్లో ఉన్నానండీ, వచ్చేస్తున్నా" అంటూ శుక్రవారం నుంచీ దార్లోనే ఉన్నాడు. అందుకని సోమవారం పొద్దున్న కండక్టరమ్మ కాళ్లకి నీళ్లు పొయ్యి మీద కాగాయి.

సోమవారం కాళ్ల రోజు. వారానికోసారి ఆవిడ పాదాలు నానబెట్టి, మడమలు రాయితో రుద్ది, గోళ్లు తీసి, వేళ్ల సందుల్లో తడి లేకుండా తుడవాలి. ఏజెన్సీ వాళ్లు గోడకి తగిలించిన చార్టులో వీటన్నిటికీ తలా ఒక గడి ఉంది. "నీళ్ల వేడి చూశాను" అనే గడి మాత్రం ఎర్ర అక్షరాల్లో ఉంటుంది. నడుం కింద స్పర్శ లేని మనిషికి కాళ్ల మీద ఐసు నీళ్లు పోసినా, మరిగే నీళ్లు పోసినా ఒకటే కదా.

కండక్టరమ్మకి ఆ స్పర్శ పోయి ఏడేళ్లు. అంతకుముందు పదహారేళ్లు సిటీ బస్సులో టిక్కెట్లు కొట్టింది. కాళ్లు పోయాయి గానీ నోరు పోలేదు, గొంతు అసలే పోలేదు. వంటింట్లో ఉన్న మరదల్ని, తమ్ముడి భార్యని, పిలవాలన్నా వెనక తలుపు దగ్గర వేలాడేవాళ్లని లోపలికి జరగమన్నట్టే పిలుస్తుంది. ఐదేళ్ల కిందట ఏజెన్సీ వాళ్లు ఒక యాభై ఏళ్ల మనిషిని పంపితే, వచ్చిన మొదటి వారంలోనే ఆవిడ హోదా మార్చేసింది. "ఆయా ఏంటి, సహాయకురాలేంటి! నా బండి తోలేది నువ్వు. ఇవాళ్టి నుంచి డ్రైవరువి" అంది, చక్రాల కుర్చీ చేతుల మీద దరువేస్తూ. అప్పట్నుంచి ఆవిడ ఆ ఇంటికీ, ఆ వీధికీ డ్రైవరమ్మే. అసలు పేరు ఏజెన్సీ రిజిస్టర్లో భద్రంగా ఉంది.

డ్రైవరమ్మ గిన్నె దించి, ప్లాస్టిక్ టబ్బులో సగం మరిగిన నీళ్లు, సగం కుళాయి నీళ్లు కలిపింది. అరచేయి ముంచి చూసింది. గోరువెచ్చగా ఉన్నాయి. టబ్బుని కుర్చీ ముందుకి జరిపి, కింద చతికిలబడి, కండక్టరమ్మ కుడి కాలిని రెండు చేతులా ఎత్తి అందులో దించింది. ఎడమ కాలు తన ఒళ్లో పెట్టుకుని గోళ్లు తీయడం మొదలుపెట్టింది.

"పదకొండో స్టాపులో ఒక గొడుగాయన ఎక్కేవాడని చెప్పానా?" అంది కండక్టరమ్మ.

"చెప్పారు. మండుటెండలో కూడా ఆ గొడుగు తడిసే ఉండేదన్నారు."

"ఎందుకో చెప్పలేదుగా?"

"అదీ చెప్పారమ్మా. చేపల బుట్టతో ఎక్కనివ్వరని చేపల్ని గొడుగులో దాచేవాడు."

"ఛ, నీతో ఇదే చిక్కు. ఒక్క కథా మర్చిపోవు."

"మీరు మర్చిపోతేగా నేను మర్చిపోవడానికి."

ఆ మాట నిజం. ఇరవై ఎనిమిది స్టాపుల్లో ఎవరు ఏ సీట్లో కూర్చునేవారో, ఎవరి సంచిలో ఏముండేదో ఆవిడకి ఇప్పటికీ అరచేతిలో గీతలంత స్పష్టం.

కుడి కాలు పది నిమిషాలు నానింది. ఎడమ కాలి వంతు వచ్చేసరికి నీళ్లు బాగా చల్లారాయి. రాయితో రుద్దాక కుడి పాదం కాస్త ఎర్రబడి కనపడింది. మురికంతా వదిలి రంగు తేలిందనుకుని డ్రైవరమ్మ సంతోషించింది. తడి తుడిచి, నూలు మేజోళ్లు తొడిగి, చార్టు దగ్గరకి వెళ్లి వరసగా టిక్కులు పెట్టింది. ఐదేళ్లలో ఆవిడ వంతు గడి ఒక్కటీ ఖాళీగా లేదు. అలాగని చేయని పనికి టిక్కు పెట్టే రకమూ కాదు. రెండు గంటలకి డ్యూటీ దిగి ఇంటికి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్న తలుపు తీసిన మరదలు ఆవిణ్ణి చెప్పులు కూడా విప్పనివ్వలేదు.

"చూశావా డ్రైవరమ్మా, ఎంత ఘోరం జరిగిందో! వదిన కాలు కాల్చేసింది ఆ మహాతల్లి."

కండక్టరమ్మ మంచం మీద దిండుకి ఆనుకుని ఉంది. కుడి పాదానికి తెల్ల కట్టు. మరదలు తన ఫోనులో తీసిన ఫోటో చూపించింది. పాదం బయటి అంచు పొడవునా బొబ్బ లేచి, చీలమండ దగ్గర పగిలి తోలు ఊడి ఉంది. రాత్రి డాక్టరు వచ్చి, కాలిన గాయమేనని చెప్పి, కట్టు కట్టి వెళ్లాడట. నొప్పి తెలియని కాలు కాబట్టి రోజూ కంటితో చూస్తూ ఉండాలనీ, చీము పట్టిందంటే మొత్తం పాదానికే ముప్పనీ హెచ్చరించాడట.

డ్రైవరమ్మ ఫోను ముఖం దగ్గరకి తెచ్చుకుని చూసింది. ఐదేళ్లుగా ఆ పాదాల మీద చిన్న గీత పడకుండా చూసుకున్న మనిషి తను. మూడు వారాల కిందట వచ్చిన సాయంత్రం డ్యూటీ మనిషి వాటిని ఇలా తగలబెట్టిపోతుందా?

ఆ సాయంత్రం డ్యూటీ మనిషిని అందరూ కొత్తావిడ అంటారు. ముప్పై ఐదేళ్లుంటాయి. వచ్చినప్పుడు పలకరించదు, వెళ్లేటప్పుడు వస్తాననదు. అడిగినదానికి కొలిచినట్టు ఒక్క మాట చెబుతుంది. ఆవిడతో ఎవరికీ గొడవ లేదు గానీ, ఆవిడంటే ఎవరికీ ఇష్టమూ లేదు. కండక్టరమ్మ కుడి భుజం చక్రాలు తిప్పీ తిప్పీ నొప్పెడుతుంటే, రోజూ సాయంత్రం రబ్బరు సంచిలో వేడినీళ్లు పోసి కాపడం పెట్టడం ఆవిడ పని. సోమవారం కూడా పెట్టింది. ఆ తర్వాత మేజోళ్లు విప్పుతూ బొబ్బ చూసి కేకేసింది ఆవిడే.

"ఆ సంచిని కాళ్ల మీద పడేసి ఫోను చూసుకుంటూ కూర్చుని ఉంటుంది" అంది మరదలు. "పైగా ఏమీ ఎరగనట్టు కేక."

పదింటికి ఏజెన్సీ సూపర్‌వైజరు వచ్చాడు. కొత్తావిణ్ణి కూడా రమ్మన్నాడు. ఆవిడ వచ్చి, చేతిసంచి పట్టీని గట్టిగా పట్టుకుని, గోడ పక్కన నిలబడింది. సూపర్‌వైజరు అట్ట మీద కాగితం బిగించి, మంచం మీద ఉన్న మనిషిని వదిలేసి మరదలి వైపు తిరిగాడు.

"పేషెంటుకి నొప్పి ఏమైనా ఉందంటున్నారా?"

"పేషెంటు ఇక్కడే ఉందండీ. చెవులు కూడా పనిచేస్తున్నాయి" అంది కండక్టరమ్మ.

ఆయన నొచ్చుకున్నట్టు నవ్వి, మళ్లీ మరదలినే ఇంకో నాలుగు ప్రశ్నలు అడిగాడు. తర్వాత చార్టు ముందు నిలబడ్డాడు. పొద్దుటి వరసలో డ్రైవరమ్మ టిక్కులన్నీ దారం పట్టి పెట్టినట్టున్నాయి. సాయంత్రం వరసలో అలాంటిదే "కాపడం వేడి చూశాను" అన్న ఎర్ర గడి ఖాళీ.

"ఇదేంటి?" అన్నాడు కొత్తావిడతో.

"మర్చిపోయానండి. అప్పుడే బొబ్బ కనపడింది. ఆ కంగారులో గడి సంగతి ఎక్కడ గుర్తుంటుంది?"

"సంచి ఎక్కడ పెట్టావు?"

"భుజానికండి. పావుగంట ఉంచాను. ఈవిడే తీసి నా చేతికిచ్చారు. కాళ్ల దాకా వెళ్లనే లేదు."

ఆయన మొదటిసారిగా కండక్టరమ్మ కేసి చూశాడు. "అంతేనా అండీ? సంచి మీరే తీసి ఇచ్చారా?"

కండక్టరమ్మ కిటికీ ఊచలు చూసింది, కట్టు చూసుకుంది.

"గుర్తులేదు" అంది.

డ్రైవరమ్మకి అది ఎక్కడో కలుక్కుమంది. ఇరవై ఏళ్ల నాటి గొడుగు గుర్తున్న మనిషికి నిన్న సాయంత్రం భుజం మీద ఏముందో గుర్తులేదా? కానీ రాత్రంతా నిద్ర లేదు, పైగా మందులు వేసుకుంది, అందుకే అయి ఉంటుందని సరిపెట్టుకుంది. సరిపెట్టుకోవడానికి మనిషికి కారణాలు ఎప్పుడూ కరువు కావు.

"ఐదేళ్లలో ఒక్క ఖాళీ లేదు. చార్టంటే ఇలా ఉండాలి" అన్నాడు సూపర్‌వైజరు, డ్రైవరమ్మ వైపు చేయి చూపించి. ఆవిడ ముఖం కాస్త విప్పారింది కూడా. పొగిడితే ఎవరికి చేదు?

కొత్తావిడ చేత కాగితం మీద సంతకం పెట్టించాడు. ఇక ఏజెన్సీ తరఫున ఏ ఇంటికీ వెళ్లక్కర్లేదన్నాడు. ఆవిడ వాదించలేదు. చెప్పులు వేసుకుంటూ, గుమ్మంలో ఉన్న డ్రైవరమ్మతో మాత్రం ఒక మాట అంది. ఆ మూడు వారాల్లోనూ అంత పొడుగు మాట అదే.

"చూసి కేకెయ్యడం నా తప్పు. మేజోడు మళ్లీ తొడిగేసి నా దారిన నేను పోతే, ఇవాళ మీ డ్యూటీలో బయటపడేది."

మంచికి పోతే చెడు ఎదురవడం అంటే ఇదే. కానీ ఆ క్షణంలో డ్రైవరమ్మకి అది పొగరుగానే వినపడింది.

బుధవారం గీజరు ఇంకా బాగుపడలేదు. మరదలు సెలవు పెట్టింది. సాయంత్రానికి ఇంకో మనిషి దొరికేదాకా డ్రైవరమ్మ రాత్రి భోజనాల వరకూ ఉంటానంది. కట్టు తడవకూడదు కాబట్టి ఆ రోజు మంచం మీదే ఒళ్లు తుడవాలి.

డ్రైవరమ్మ ఎప్పటిలాగే సగం కాగిన నీళ్లు, సగం కుళాయి నీళ్లు కలిపింది, అరచేయి ముంచింది, సరిపోయాయనుకుంది. బేసిను తెచ్చి స్టూలు మీద పెట్టి, రెండు తువ్వాళ్లు అందులో వేసింది. ఒకటి నేను పిండుతానంటూ మరదలు చేయి పెట్టి, పెట్టినంత వేగంగా వెనక్కి లాక్కుంది.

"అమ్మో! ఏంటి డ్రైవరమ్మా ఇది, ఇలా కాలిపోతుంటేనూ!"

"ఎక్కడ? గోరువెచ్చగానే ఉన్నాయి" అని డ్రైవరమ్మ తన అరచేయి ముంచి తువ్వాలు తీసి పిండింది. ఆవిరి పొగలు పొగలుగా లేచింది.

మరదలు వేళ్లు ఊదుకుంటూ నవ్వింది. "నీవి చేతులు కావమ్మా తల్లీ, పట్టకార్లు!" ఇంకో చెంబు చన్నీళ్ల కోసం వంటింట్లోకి వెళ్లింది. ఆ మాట ఆవిడ అక్కడే వదిలేసింది. వెనక్కి తిరిగి చూడనైనా లేదు.

డ్రైవరమ్మ మాత్రం తువ్వాలు పట్టుకుని అలాగే ఉండిపోయింది. తర్వాత జాకెట్టు చేయి పైకి లాగి, మోచేయి నీళ్లలో పెట్టింది. చురుక్కుమంది. తీసేసి, అరచేయి పెట్టింది. గోరువెచ్చగా, హాయిగా ఉంది. మళ్లీ మోచేయి పెట్టింది. మళ్లీ చురుక్కుమంది.

ఏజెన్సీ శిక్షణలో మోచేత్తోనే చూడమని చెప్పారు. మోచేయి ముంచాలంటే జాకెట్టు చేయి పైకి మడవాలి, వంగాలి, రవిక తడుస్తుంది. ఎవరు పడతారు ఆ బాధ? అందులోనూ తను ఆసుపత్రి క్యాంటీనులో ఇరవై ఏళ్లు సలసల కాగే నీళ్లలో గిన్నెలు తోమి వచ్చిన మనిషి. వేడి సంగతి తనకి ఇంకొకరు నేర్పాలా అనుకుంది. ఆ ఇరవై ఏళ్లూ అరచేతుల్ని అట్టలు కట్టించాయని తట్టలేదు. మరి ఐదేళ్లుగా ఏమీ ఎందుకు కాలేదంటే, గీజరు మీద కండక్టరమ్మ తమ్ముడు సున్నం బొట్టు పెట్టి, మీట దాన్ని దాటనివ్వొద్దన్నాడు. ఇన్నాళ్లూ నీళ్ల వేడి చూసింది ఆ బొట్టు. టిక్కు పెట్టింది తను.

మొదట సిగ్గు రాలేదు. భయం వేసింది. సోమవారం టబ్బు, పది నిమిషాలు, కుడి కాలు, రంగు తేలిందని తను సంతోషించడం, అన్నీ ఒకదాని వెనక ఒకటి గుర్తొచ్చాయి.

తలెత్తితే కండక్టరమ్మ తననే చూస్తోంది. మోచేయి ముంచడం, తీయడం, మొత్తం చూసింది.

"చన్నీళ్లు కలిపి కానిచ్చెయ్" అంది కండక్టరమ్మ మెల్లగా. ఆవిడ మెల్లగా మాట్లాడటం డ్రైవరమ్మ అంతకుముందు వినలేదు.

మరదలు చన్నీళ్లు ఇచ్చి మందుల షాపుకి వెళ్లింది. వీపు తుడిచి, గౌను మార్చి, దిండ్లు సర్దాక డ్రైవరమ్మ మంచం పక్కన నేల మీద కూలబడింది.

"మీకు తెలుసా?"

"సంచి నా భుజం మీదే ఉంది. నేనే తీసి ఇచ్చాను. మరి ఆ రోజు నా కాళ్ల దగ్గర నీళ్లు పెట్టింది నువ్వొక్కదానివే. దీనికి పెద్ద చదువు కావాలా?"

"మరి గుర్తులేదన్నారేంటమ్మా?"

"ఏమనమంటావు? మా డ్రైవరే అనమంటావా?" కండక్టరమ్మ గొంతు పెరిగింది. "నీకు ముందు రెండేళ్లలో పధ్నాలుగు మంది వచ్చారు. ఒకతి నన్ను బాత్రూములో పడేసి, లేపలేక, నేను నోరు మూసుకుంటే గానీ లేపనని బేరం పెట్టింది. ఒకతి పడుకోబెట్టే అన్నం పెట్టేది, కూర్చోబెడితే తన నడుం నొప్పట. పొరబోయి ప్రాణం మీదకొచ్చింది. ఇంకొకతి నా ఫోను తీసి బీరువా మీద పెట్టేది. కేకలేస్తే పక్కింటివాళ్లకి ఈవిడకి మతి కూడా లేదని చెప్పేది. నువ్వొచ్చాకే నేను నిద్రపోయాను. తెలుసా నీకు?"

డ్రైవరమ్మ తల దించుకుంది.

"ఆ కాలు కాలిందంటే నాకు ఫోటో చూపిస్తే తెలిసింది. నాదో, దారినపోయేవాళ్లదో కూడా తెలియని కాలు. దానికోసం నిన్ను దింపేసుకుంటానా?"

"ఆవిణ్ణి దింపేశారుగా."

"మూడు వారాల మనిషి. ఇంకో బండి ఎక్కుతుంది."

అలా అనేసి కండక్టరమ్మ ముఖం గోడ వైపు తిప్పుకుంది. తను పలికిన మాట తనకే నచ్చలేదని ఆ తిప్పుకోవడంలోనే తెలిసింది. కానీ వెనక్కి తీసుకోలేదు.

గురువారం పొద్దున్నే గీజరు మనిషి దార్లోంచి ఇంట్లోకి రానే వచ్చాడు. అరగంటలో లోపలి కడ్డీ మార్చేసి వెళ్లాడు. సున్నం బొట్టు దగ్గర మీట నిలబెడితే నీళ్లు మునుపటిలాగే వచ్చాయి. అంతా ఎక్కడిదక్కడ సర్దుకున్నట్టే ఉంది. ఇంకో పదేళ్లు ఇలాగే దొర్లించేయొచ్చు. ఎవరికీ ఏమీ తెలియదు. తెలిసిన ఒక్క మనిషీ చెప్పదు.

డ్రైవరమ్మ ఒళ్లు తుడవడం ముగించి, చార్టు ముందు నిలబడి, టిక్కులు పెట్టుకుంటూ వచ్చింది. ఎర్ర గడి దగ్గర పెన్ను ఆగింది. ఇన్నాళ్లూ చూశానా? చూశాను. చూస్తే తెలిసిందా? తెలియలేదు. ఏం పెట్టాలో ఎంతసేపటికీ తోచలేదు. ఆ గడి వదిలేసి కింది వాటికి టిక్కులు పెట్టింది. ఐదేళ్ల చార్టులో అది ఆవిడ మొదటి ఖాళీ.

సాయంత్రం మరదలిని ఉండమని చెప్పి ఏజెన్సీ ఆఫీసుకి వెళ్లింది.

ఆఫీసంటే బట్టల షాపు పైన రెండు గదులు. సూపర్‌వైజరు ఒక పక్క ఫోనులో ఎవరికో మనుషులు లేరని చెబుతూ, ఇంకో పక్క ఇంకెవరికో రేపే పంపిస్తామని రాస్తున్నాడు. డ్రైవరమ్మని చూసి కుర్చీ చూపించి, రెండు టీలు తెప్పించాడు. గాజు గ్లాసుల్లో టీ పొగలు కక్కుతోంది. ఆయన తన గ్లాసుకి రుమాలు చుట్టుకున్నాడు.

డ్రైవరమ్మ జరిగింది జరిగినట్టు చెప్పింది. ఆయన వింటూ విసుగ్గా పెన్ను టేబులు మీద కొట్టాడు.

"నిన్నెవరన్నా అడిగారా పెద్దమ్మా? ఆ కాగితం పైకి పంపేశాను. కారణం రాశాం, మనిషిని తీసేశాం, అయిపోయింది. ఇప్పుడు నువ్వొచ్చి నా చేయి మొద్దుబారిందంటే, మీవాళ్ల చేతులు మీరెప్పుడన్నా పరీక్ష చేశారా అని నన్నడుగుతారు."

"చేశారా?"

ఆయన ఆవిడ చేతుల కేసి చూస్తున్నాడు. డ్రైవరమ్మ మాటల్లో పడి, ఆ గ్లాసుని రెండు అరచేతుల మధ్య పూర్తిగా మూసి పట్టుకుని ఉంది. ఆయనకి తన గ్లాసు వేడి రుమాల్లోంచి కూడా వేళ్లకి తగులుతోంది. ఆయన మెల్లగా గ్లాసు కింద పెట్టాడు.

"ఇప్పుడు కాలట్లేదా నీకు?"

"లేదండి."

కాసేపటికి ఆయన సొరుగులోంచి కొత్త కాగితం తీశాడు. పాపం, చెడ్డవాడు కాదు. నలభై ఇళ్లకి ఇరవై ఆరుగురితో నెట్టుకొస్తున్న మనిషి. రాయడం పూర్తయ్యాక అన్నాడు. "ఇక నిన్ను మనుషుల దగ్గర పెట్టలేను. మన దుప్పట్లు ఉతికేచోట వేడినీళ్ల పని ఉంది, అక్కడ చేరు. ఆ ఇంటికి మాత్రం ఆ కొత్తావిడే వెళ్లాలి, నా దగ్గర ఇంకెవరూ లేరు. వస్తుందో రాదో. నా ఫోనే ఎత్తట్లేదు."

"నేను వెళ్లి అడుగుతాను" అంది డ్రైవరమ్మ.

అడిగింది. కొత్తావిడ గుమ్మంలోనే నిలబెట్టి మొత్తం విని, "పని కావాలి కాబట్టి వస్తాను. మీ కోసమూ కాదు, ఆవిడ కోసమూ కాదు" అని తలుపు వేసుకుంది.

శుక్రవారం ఈ సంగతులన్నీ చెబితే కండక్టరమ్మ కేక వేయలేదు.

"నిజం చెప్పేసి నువ్వు తేలికపడ్డావు. బాగుంది. నా అబద్ధం వల్ల ఎవరి పని పోయిందో, రేపట్నుంచి వాళ్ల చేతుల్లోనే నన్ను పెట్టి పోతున్నావు. ఆవిడ నన్ను ఎత్తుతూ చేయి వదిలేస్తే? ఎక్కువేమీ అక్కర్లేదు, అర క్షణం ఆలస్యంగా పట్టుకుంటే చాలు."

తను చేసింది సరైన పనే అని డ్రైవరమ్మకి తెలుసు. దాని బరువు తన నెత్తి మీద కాకుండా కుర్చీలోంచి లేవలేని మనిషి మీద పడిందనీ తెలుసు. ఆ రాత్రి భోజనం పెట్టి, మూతి తుడిచి, వెళ్లొస్తానమ్మా అంటే కండక్టరమ్మ లైటు ఆర్పెయ్యమంది.

శనివారం పొద్దున్న ఎనిమిదింటికి కొత్తావిడ వచ్చింది. ఒక్క పూట పని అప్పజెప్పడానికి డ్రైవరమ్మా వచ్చింది. మరదలు "రామ్మా, కాఫీ తాగుతావా" అని లేని మర్యాదలన్నీ చేసింది. కొత్తావిడ వద్దని, సంచి మేకుకి తగిలించి, చేతులు కడుక్కుని మంచం దగ్గరకి వచ్చింది.

కండక్టరమ్మ రెండు చేతులతోనూ దుప్పటి అంచు పట్టుకుని ఉంది. ఎంతమందినో నిలదీసి బస్సు దింపిన ఆ మనిషి భయపడుతోంది. ఆ భయాన్ని దాచుకోవడానికి కూడా ప్రయత్నించలేదు.

"ఇదిగో అమ్మాయ్. మొన్న గుర్తులేదన్నాను. గుర్తుంది. సంచి నేనే తీసి నీ చేతికిచ్చాను. కావాలనే చెప్పలేదు."

"తెలుసండి" అంది కొత్తావిడ. "మీకు గుర్తుందని నాకప్పుడే తెలుసు."

"తప్పయింది."

కొత్తావిడ పరవాలేదనలేదు. పరవా ఉంది మరి. దుప్పటి తీసి మడతపెట్టి, కట్టు మీద ప్లాస్టిక్ కవరు చుట్టి దారం కట్టింది. వంగి, "చెయ్యి నా మెడ చుట్టూ వెయ్యండి" అంది. కండక్టరమ్మ వేసింది. మోకాళ్లు వంచి, నడుం నిటారుగా ఉంచి, ఒక్క ఊపులో స్నానాల కుర్చీలోకి మార్చింది. అర క్షణం కూడా ఆలస్యం కాలేదు. సాయం పట్టడానికి ముందుకొచ్చిన డ్రైవరమ్మ చేతులు గాల్లోనే ఉండిపోయాయి.

బాత్రూములో గీజరు కింద బకెట్టు నిండింది. "ఆ సున్నం బొట్టు దగ్గర ఉంచితే సరిపోతుంది" అని డ్రైవరమ్మ గుమ్మంలోంచి చెప్పింది. కొత్తావిడ బొట్టు చూసింది గానీ తల ఊపలేదు. చెంబుతో నీళ్లు ముంచి, కండక్టరమ్మ కాళ్ల మీద పోయకుండా, ఆవిడ ముఖం ముందు పట్టుకుంది.

"చూడండి."

"ఏం చూడాలి?"

"వేడి. మీ చెయ్యి పెట్టి చూడండి. మీరు సరేనంటేనే పోస్తాను. రేపు ఏదన్నా అయితే, గుర్తులేదనడానికి వీలుండకూడదు."

మాట గరుగ్గానే ఉంది. మామూలు రోజైతే కండక్టరమ్మ దానికి నాలుగింతలు బదులిచ్చేది. ఇప్పుడు మాత్రం కుడిచేయి అందులో పెట్టింది.

డ్రైవరమ్మ గుమ్మం పట్టుకుంది. చెంబులో ఉన్న ఆ చేతికి అన్నీ తెలుసు. చలి తెలుసు, వేడి తెలుసు, కూర ఉడికిందో లేదో తెలుసు. ఐదేళ్లు ఆ చేయి ఆ కాళ్లకి మూరెడు దూరంలోనే ఉంది. చార్టులో గడి పెట్టినవాళ్లకి గానీ, డాక్టరుకి గానీ, తనకి గానీ, చివరికి ఆ చేయి ఉన్న మనిషికి గానీ, ఆ నీళ్లేవో ముందు దానికి చూపిద్దామని తోచలేదు. తోచినావిడ కూడా ఏదో ప్రేమ కొద్దీ కాదు, తన జాగ్రత్త కొద్దీ అడిగింది.

"కాస్త ఎక్కువ" అంది కండక్టరమ్మ. "నాకింత వేడి పడదు."

కొత్తావిడ చన్నీళ్లు కలిపి మళ్లీ చెంబు పట్టింది.

"ఇంకొంచెం కలుపు."

మళ్లీ కలిపింది. "ఇప్పుడు?"

"ఆఁ. ఇప్పుడు బాగుంది." కండక్టరమ్మ చేయి వెంటనే తీయలేదు. వేళ్లు నీళ్లలో అటూ ఇటూ కదిలిస్తూ, "నాకు నీళ్లు ఎలా ఉండాలో ఏడేళ్లలో నన్నెవరూ అడగలేదే" అంది. ఎవరితో అందో తెలియదు. డ్రైవరమ్మ వైపు మాత్రం చూడలేదు.

"పొయ్యనా?" అంది కొత్తావిడ.

కండక్టరమ్మ చేయి తీసి, తడి వేళ్లు విదిల్చింది.

"పొయ్యి."